ఏం జరిగిందో తర్వాత, ముందు నువ్వెవరు?

మా చుట్టాలమ్మాయి ఒకామె గచ్చిబౌలి వైపు ఓ కంపెనీలో ఏడేళ్లు పనిచేసింది. 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకుని వెళ్లేసరికి ఆమె చూసుకునే పని ఇంకొకరి చేతుల్లో ఉంది. ఏడాది చివర రేటింగ్ పడిపోయింది. ఆ ఏడాదిలో ఆమె ఆఫీసులో ఉన్నదే ఆరు నెలలు. తర్వాత ‘పిప్’ అన్నారు, పనితీరు మెరుగుపరుచుకోవడానికి 60 రోజుల గడువు. గడువు సగం తిరక్కముందే ఒక శుక్రవారం మధ్యాహ్నం చిన్న మీటింగ్ రూమ్‌లోకి పిలిచారు. హెచ్ఆర్ ఆవిడ మంచినీళ్ల బాటిల్ ఇటు జరిపి, ఎంతో మర్యాదగా, “మీరే రాజీనామా పెట్టేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా వస్తుంది. లేదంటే టర్మినేషన్ అని పడుతుంది. రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీకే ఇబ్బంది” అంది.

రాజీనామా కాగితం మీద రాయించుకోలేదు. ఇప్పుడంతా పోర్టలే కదా. కారణం అన్న గడి మీద నొక్కితే జాబితా కిందికి జారింది: వేరే ఉద్యోగం, పై చదువు, ఊరు మార్పు, ఆరోగ్యం, వ్యక్తిగత కారణాలు. ‘వెళ్లగొట్టారు’ అన్న ఆప్షన్ లేదు. వ్యక్తిగత కారణాలు అన్నది నొక్కి, ఐడీ కార్డు బల్ల మీద పెట్టి, కిందికి దిగొచ్చి నాకు ఫోన్ చేసింది. “అన్నా, వీళ్ల మీద కేసేస్తే నిలుస్తదా?”

వారం రోజులు తిరిగాను. లేబర్ కేసులు చూసే ఇద్దరు లాయర్లు, ఒక యూనియన్ నాయకుడు, రిటైరైన లేబర్ ఆఫీసర్ ఒకాయన. నలుగురినీ విడివిడిగా కలిశాను. నలుగురూ మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఆ అమ్మాయి డిజిగ్నేషన్ ఏంటి?”

ఏం జరిగింది అని ఎవరూ ముందు అడగలేదు. వాళ్లను తప్పు పట్టలేం. మన కార్మిక చట్టం అడిగే వరసే అది.

లండన్‌లో ఉంటున్న ఆమె స్నేహితురాలు మాత్రం వాట్సాప్‌లో వెంటనే తేల్చేసింది: “ఇక్కడైతే ట్రిబ్యునల్‌కి పోతారు.” నిజమే. బ్రిటన్‌లో ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ అని ప్రత్యేకంగా ఉంది. 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ వయసు, వైకల్యం, జాతి, మతం, లింగం, గర్భం-ప్రసూతి లాంటి తొమ్మిది కారణాలను పేరుపెట్టి చెప్పి, వాటి ఆధారంగా ఉద్యోగంలో తేడా చూపిస్తే దావా వేయొచ్చంటుంది. పెద్ద మేనేజర్ అయినా, క్లీనర్ అయినా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని భంగపడ్డవాడైనా వేయొచ్చు. ముందు ఎకాస్ అనే సంస్థ దగ్గర రాజీ ప్రయత్నం జరగాలి. అది కుదరకపోతే ఫారం నింపి ట్రిబ్యునల్‌కి. గడువు మాత్రం మరీ బిగుతు, ఇంతకాలం మూడు నెలలకు ఒక రోజు తక్కువ. దాన్ని ఆరు నెలలకు పెంచడానికి 2025లో అక్కడ చట్టం చేశారు. వివక్ష రుజువైతే పరిహారానికి పైపరిమితి లేదు.

అదేదో స్వర్గమని చెప్పడం లేదు. విచారణ కోసం ఏడాది దాటి ఎదురుచూసేవాళ్లు అక్కడా ఉన్నారు. 2013లో ప్రభుత్వం ఫీజులు పెట్టింది. వివక్ష కేసు విచారణ దాకా వెళ్లాలంటే 1,200 పౌండ్లు. దావాలు మూడింట రెండొంతులు పడిపోయాయి. వివక్ష ఒక్కసారిగా తగ్గిపోయిందని ఎవరైనా నమ్ముతారా? యూనిసన్ అనే ఉద్యోగ సంఘం నాలుగేళ్లు పోరాడితే 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజులను కొట్టేసింది.

ఆ ట్రిబ్యునల్‌కు వెళ్లిన కేసుల్లో మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. బిహార్ నుంచి తీసుకెళ్లిన ఒక ఆదివాసీ మహిళ ఇంగ్లండ్‌లో ఒక భారతీయ కుటుంబం ఇంట్లో నాలుగున్నరేళ్లు పనిచేసింది. రోజుకు 18 గంటలు చాకిరీ, నేల మీద పరుపు. లెక్క కడితే గంటకు 11 పెన్నీల జీతం. 2014 డిసెంబర్‌లో అప్పీలు ట్రిబ్యునల్, కుల వివక్ష కూడా కొన్ని సందర్భాల్లో ‘జాతి మూలాలు’ అన్న మాట కిందికి రావచ్చని తేల్చింది. 2015లో కనీస వేతనాల బకాయి కిందే ఆమెకు 1,83,773 పౌండ్లు ఇవ్వమన్నారు. మన కులం గొడవ మీద మన మనిషికి తీర్పు దొరికింది కేంబ్రిడ్జ్ ట్రిబ్యునల్‌లో. అదే పని బంజారాహిల్స్‌లో ఏదో ఇంట్లో చేసి ఉంటే ఆమె ఏ గుమ్మం ఎక్కేది?

ఇక మన దగ్గరికి వద్దాం. కార్మిక వివాదమంటే మొన్నటిదాకా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. అందులో ‘వర్క్‌మన్’ అన్న నిర్వచనంలో ఇమిడితేనే లోపలికి. మేనేజ్‌మెంట్, అడ్మినిస్ట్రేషన్ హోదాలో ఉంటే కుదరదు. సూపర్‌వైజర్ అయి నెలకు 10 వేలు దాటితే కుదరదు. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ 10 వేలు 18 వేలయింది. మేనేజర్‌కు మాత్రం పాత అడ్డుగోడే. హైదరాబాద్‌లో ఎవరు మేనేజర్ కాదు చెప్పండి? మాదాపూర్‌లో ఒక లిఫ్ట్ నిండా జనం ఎక్కితే అందులో సగం మంది కార్డుల మీద లీడ్ అనో, మేనేజర్ అనో ఉంటుంది. వాళ్లలో చాలామందికి ఒక మనిషికి సెలవు మంజూరు చేసే అధికారం కూడా ఉండదు.

పేరును బట్టి కాదు, చేసే పనిని బట్టి చూడాలని కోర్టులు ఎప్పట్నుంచో అంటూనే ఉన్నాయి. చెన్నైలో ఒక పెద్ద ఐటీ కంపెనీ 2015లో ఒక ఉద్యోగిని తీసేసింది. మేనేజర్ హోదా కాబట్టి లేబర్ కోర్టుకు రాలేడని వాదించింది. అతను చేసే పనిలో మేనేజర్ అధికారాలేవీ లేవని తేల్చి, తిరిగి తీసుకోమని లేబర్ కోర్టు ఉత్తర్వు ఇచ్చేసరికి 2022 వచ్చింది. ఏడేళ్లు. అందులో ఎన్ని వాయిదాలు ‘నువ్వెవరు’ అన్న దానికే పోయి ఉంటాయో ఆలోచించండి.

నిర్వచనం దాటామే అనుకుందాం. అప్పుడింకో చిక్కు. ‘నా పట్ల వివక్ష చూపారు’ అని ఒక మనిషి నేరుగా ఫిర్యాదు ఇవ్వగల కౌంటర్ మన వ్యవస్థలో దాదాపు లేదు. ఒంటరి కార్మికుడు వివాదం లేవనెత్తాలంటే తొలగింపో, డిస్మిసలో, రిట్రెంచ్‌మెంటో జరిగి ఉండాలి. ఉద్యోగంలో ఉండగా ప్రమోషన్ ఆపినా, పని లాగేసినా, పక్కవాడికి ఇచ్చిన ఇంక్రిమెంట్ నీకివ్వకపోయినా యూనియన్ వెనక నిలబడితే తప్ప అది వివాదం కాదు. అంటే ఉద్యోగం పోయేదాకా ఆగాలి. పోయాక కూడా ‘తొలగింపు’ పేరుతోనే రాసుకోవాలి.

దీన్ని దగ్గర్నుంచి చూశాను. ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చేసే ఆమె వెంట ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర కార్మిక శాఖ ఆఫీసున్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లాను. ప్యాంట్రీలో ఆమె తాగే గ్లాసు వేరుగా పెట్టేవారు. ఒకరోజు ఫిల్టర్ దగ్గర మామూలు గ్లాసుతో నీళ్లు పట్టుకుందని సూపర్‌వైజర్ అందరి ముందూ అరిచాడు. ఆమె పైవాళ్లకు చెప్పింది. రెండు వారాల్లో “రేపట్నుంచి రావద్దు” అన్నారు.

జాయింట్ మీటింగ్‌లో ఆసుపత్రి తరఫున వచ్చిన కన్సల్టెంట్, “ఆమె మా మనిషి కాదు సార్, ఏజెన్సీ మనిషి” అన్నాడు. ఏజెన్సీ ఆయన ఇంకా గడుసు. “మేం తీసెయ్యలేదు సార్, ఆమే వస్తలేదు. ఇప్పుడే వచ్చి డ్యూటీలో చేరమనండి, అభ్యంతరం లేదు.” ఎక్కడ చేరాలని ఆఫీసర్ అడిగితే మేడ్చల్ అవతల సైట్ పేరు చెప్పాడు. ఆమె ఇల్లు మలక్‌పేట. పొద్దున ఆరింటికి షిఫ్ట్. ఆఫీసర్ మంచాయనే, ఇద్దరినీ గట్టిగానే అడిగాడు. కానీ కన్సిలియేషన్ ఆఫీసర్‌కు రాజీ చేయడం తప్ప తీర్పు చెప్పే అధికారం లేదు. ‘కౌంటర్ దాఖలుకు గడువు’ అని రాసుకుని మూడు వారాలకు వాయిదా వేశాడు. బయటికొచ్చాక దరఖాస్తు కాపీ ఇంకోసారి చదివాను. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నోటీసు ఇవ్వలేదు, పరిహారం ఇవ్వలేదు, ఏడాది సర్వీసు కింద లెక్కయ్యే 240 రోజులు దాటి పనిచేసింది. గ్లాసు ముచ్చట ఎక్కడా లేదు. రాసిపెట్టిన యూనియన్ ఆయన్ను అడిగితే, “అది రాస్తే కేసు పక్కదారి పడుతదన్నా” అన్నాడు.

ఆయన అనుభవంతో అన్నమాట అది. నిజానికి పాత చట్టం అయిదో షెడ్యూల్‌లో ‘అన్యాయపు కార్మిక విధానాలు’ అని ఒక జాబితా ఉంది. కక్షతో తొలగించడం, ఫిర్యాదు చేసినందుకు వివక్ష చూపడం, దురుద్దేశంతో బదిలీ చేయడం, ప్రతిభతో సంబంధం లేకుండా కొందరి మీద పక్షపాతం చూపడం, అన్నీ ఉన్నాయందులో. కొత్త కోడ్‌లోకి కూడా ఆ జాబితా వచ్చింది. చదువుతుంటే మేడ్చల్ బదిలీ గురించే రాశారా అనిపిస్తుంది. కానీ పాత చట్టంలో దానికి శిక్ష ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, అదీ ప్రభుత్వం తరఫున ఫిర్యాదు చేస్తేనే. వెయ్యి రూపాయలకు భయపడే ఏజెన్సీని నేనింకా చూడలేదు.

మరి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం? అది క్రిమినల్ చట్టం, దాని లెక్క వేరు. కులం పేరుతో దూషణ ‘పదిమంది చూసేలా’ జరగాలి. తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో ప్రభుత్వ కార్యాలయం గదిలోపల జరిగిన దూషణ, సహోద్యోగులు తర్వాత వచ్చారు కాబట్టి, ఆ నిర్వచనంలోకి రాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆఫీసుల్లో కులం సాధారణంగా అరిచి రాదు. “మీదే ఊరు? ఇంటిపేరేంటి? మీరేమిట్లు?” అని నవ్వుతూ వస్తుంది. ఆ తర్వాత లంచ్‌కి పిలవడం ఆగిపోతుంది, ఆన్‌సైట్, అంటే విదేశాలకు పంపే జాబితాలో పేరు జారిపోతుంది. దీన్ని పోలీస్ స్టేషన్‌లో ఏమని చెప్పాలి? ప్రైవేటు ఉద్యోగంలో కుల వివక్ష మీద సివిల్‌గా, పరిహారం కోసం వెళ్లడానికి సూటిగా ఒక చట్టం లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణ ఉంది కదా అంటారు. అది ప్రభుత్వ ఉద్యోగాలకు. మొదటిసారి గర్భం దాల్చగానే ఎయిర్ హోస్టెస్‌ను తీసేయొచ్చన్న నిబంధనను 1981లో సుప్రీంకోర్టు కొట్టేయగలిగింది ఎయిర్ ఇండియా అప్పటికి ప్రభుత్వ సంస్థ కావడం వల్లే.

ప్రభుత్వ ఉద్యోగులకైనా దారి సాఫీగా ఉందా? కేంద్ర ఉద్యోగికి హైదరాబాద్‌లో క్యాట్, అంటే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ బెంచ్ ఉంది, 50 రూపాయల ఫీజుతో వెళ్లొచ్చు, ఏడాదిలోపు. తెలంగాణ రాష్ట్ర ఉద్యోగికి 2016 నుంచి పరిపాలనా ట్రిబ్యునలే లేదు. నేరుగా హైకోర్టులో రిట్ వేసుకోవాలి. పంచాయతీ కార్యదర్శికి హైకోర్టు గడప ఎక్కడమంటే మాటలా.

అలాగని తలుపులు తెరిచి ఉన్న చట్టాలు మనకూ లేకపోలేదు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం డిజిగ్నేషన్ అడగదు. కాంట్రాక్ట్ మనిషైనా, ట్రెయినీ అయినా, ఇంటి పనిమనిషైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ. 90 రోజుల్లో విచారణ ముగించాలి. కమిటీ తీరు నచ్చకపోతే అప్పీలుకూ వెళ్లొచ్చు. లోపమల్లా ఫిర్యాదు గడువు. మూడు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో మూడు. అదే బాస్ కింద పనిచేస్తూ మూడు నెలల్లో నోరు విప్పమనడం ఎంత కష్టమో చట్టం రాసినవాళ్లకు తెలియదనుకోను. వైకల్యం ఉన్నవారికి 2016 చట్టం, హెచ్ఐవీ ఉన్నవారికి 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం ఉన్నాయి. ఒక్కో గాయానికి ఒక్కో ఆసుపత్రి అన్నట్టుంటుంది వ్యవహారం. ముస్లిం మహిళ, దళిత, వికలాంగురాలు ఒకే మనిషి అయితే ఏ క్యూలో నిలబడాలో ఆమే తేల్చుకోవాలి.

ఈ తెరిచిన తలుపుల్లో నాకు బాగా ఆసక్తి కలిగించింది ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్. అందులో ‘ఉద్యోగి’ అంటే మేనేజర్ కూడా. ఒకే రకం పనికి లింగాన్ని బట్టి జీతంలో తేడా చూపొద్దని మూడో సెక్షన్. క్లెయిమ్ పెట్టుకోవడానికి మూడేళ్ల గడువు. అన్నిటికంటే ముఖ్యం 59వ సెక్షన్: జీతం, బోనస్ ఇవ్వలేదని ఉద్యోగి అంటే, ఇచ్చామని రుజువు చేయాల్సిన భారం యజమానిదే.

వివక్ష కేసులు నిలబడేదీ కూలేదీ సరిగ్గా ఈ రుజువు భారం దగ్గరే. వివక్ష అంటే పోలిక. నా రేటింగ్ పడిందంటే సరిపోదు, నాలాంటి పనే చేసిన, సెలవు తీసుకోని వాళ్ల రేటింగ్ ఎంతో చూపాలి. ఆ కాగితాలన్నీ యజమాని బీరువాలో ఉంటాయి. ఉద్యోగి దగ్గర ఉండేవి నాలుగు మెయిళ్లు, రెండు స్క్రీన్‌షాట్లు. ఆ స్క్రీన్‌షాట్‌కూ కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇక కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉన్నవి శుక్రవారం సాయంత్రంతోనే పోయాయి. బ్రిటిష్ చట్టం 136వ సెక్షన్ ఈ అసమానతను గుర్తించింది. వివక్ష జరిగి ఉండొచ్చనిపించే వాస్తవాలు ఉద్యోగి చూపగలిగితే చాలు, అది వివక్ష కాదని తేల్చుకోవాల్సింది యజమానే. మన పార్లమెంటు జీతం బకాయిల విషయంలో ఈ సూత్రాన్ని ఒప్పుకుంది. మనిషిని తక్కువ చేసిన విషయంలో మాత్రం ఎందుకో చేతులు రాలేదు.

వివక్ష మీద సమగ్ర చట్టం కావాలన్న మాట కొత్తది కాదు. 2006లో ముస్లింల స్థితిగతుల మీద వేసిన సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ పెట్టమంది. శశి థరూర్ ప్రైవేటు సభ్యుడి బిల్లు తెచ్చారు, లోక్‌సభ గడువుతో పాటే అదీ మురిగింది. ఢిల్లీ కదలాలని కూర్చుంటే ఇంకో 20 ఏళ్లు కూర్చోవచ్చు.

కానీ హైదరాబాద్ ఒకప్పుడు ఢిల్లీ కోసం కూర్చోలేదు. ఉద్యోగం పోయిన కార్మికుడు లేబర్ కోర్టుకు వెళ్లాలంటే ప్రభుత్వమే ఆ వివాదాన్ని అక్కడికి రిఫరెన్స్‌గా పంపాలి అన్నది అప్పట్లో దేశమంతటా ఉన్న నియమం. ఫైలు కదలక ఎందరో మధ్యలోనే వదిలేసేవారు. 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టాన్ని రాష్ట్రం మేరకు సవరించి, తొలగించిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చంది. కేంద్రం అదే దారికి రావడానికి 2010 దాకా పట్టింది. 23 ఏళ్లు! నాంపల్లి చంద్రవిహార్‌లోని లేబర్ కోర్టుల్లో ఆ రెండు దశాబ్దాల్లో కేసులు వేసిన వేలమంది ఆర్టీసీ కండక్టర్లు, ఫ్యాక్టరీ కార్మికులు ఆ ఒక్క సవరణ చలవతోనే లోపలికి అడుగుపెట్టారు. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోనే ఉన్నాయి, ఇప్పటికీ. రాష్ట్రపతి ఆమోదంతో తెలంగాణ శాసనసభ రెండు వాక్యాలు చేర్చగలదు. వివక్ష ఫిర్యాదుకు వర్క్‌మన్ నిర్వచనం అడ్డు రాదని ఒకటి, రుజువు భారం యజమానిదని ఇంకొకటి. ఐటీ కంపెనీలు ఊరు విడిచిపోతాయని భయపెట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ కంపెనీల్లో చాలావాటికి లండన్‌లోనూ ఆఫీసులున్నాయి, అక్కడ ఇదే చట్టం కింద నడుస్తున్నాయి.

అప్పటిదాకా వెళ్లాల్సినవాళ్లకు రెండు మాటలు. రాజీనామా నొక్కేముందు, లేదా నొక్కిన అదే రోజు, ఎందుకు నొక్కాల్సి వచ్చిందో సొంత మెయిల్ నుంచి హెచ్ఆర్‌కు రాయండి. స్వచ్ఛందంగా వెళ్లారన్న వాదనకు ఎదురు నిలిచేది అదొక్కటే. లాయర్ ఫీజు గురించి భయముంటే, 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. పురానీ హవేలీలోని న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే చెబుతారు. చిత్రమేమిటంటే లేబర్ కోర్టులో లాయర్ నిలబడాలంటే ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, కోర్టూ అనుమతించాలి. కంపెనీ తన లాయర్ కోసం ఎలాగూ ఒప్పుకుంటుందనుకోండి.

హౌస్‌కీపింగ్ ఆమె మూడో వాయిదాకు రాలేదు. వేరే ఆసుపత్రిలో దొరికిందట, రోజు పోతే 400 కోత. మా చుట్టాలమ్మాయి ఆ సాయంత్రమే నేను చెప్పినట్టు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టింది, జవాబు రాలేదు. నాలుగు నెలల తర్వాత నానక్‌రామ్‌గూడలో ఇంకో కంపెనీలో చేరింది, కాస్త తక్కువ జీతానికి. ఆమె చేసే పనిని బట్టి చూస్తే వర్క్‌మన్ కిందికి వచ్చే అవకాశం ఉందని లాయర్లలో ఒకాయన అన్నాడు. కేసు వేయడానికి కోడ్ ప్రకారం రెండేళ్ల గడువు. అందులో తొమ్మిది నెలలు మిగిలుంది. “ఇప్పుడెందుకే లొల్లి” అని వాళ్లాయన అంటాడని మెయిళ్ల ప్రింట్లు ఇంట్లో పెట్టుకోలేదు. నీలిరంగు ఫైలు మా బీరువాలోనే ఉంది. కిందటి ఆదివారం వచ్చినప్పుడు ఒకసారి తీసి చూసి, ఇంకో కాగితం అందులో పెట్టి వెళ్లింది. ఆ ఏడాది తన టీమ్‌లో ఎవరెవరికి ఏ రేటింగ్ వచ్చిందో పాత కొలీగ్ ఒకామె చేత్తో రాసిచ్చిన జాబితా అది.